లేని తప్పుకి సవరణ

పత్రిక చేతికి రాగానే నేను మొదట చదివేది సవరణలు. ఆఖరి పేజీ అడుగున, ఎడమ మూల, అగ్గిపెట్టెంత గడిలో పడతాయి. ఫలానా చోట ఫలానాగా పడింది, ఇలా చదువుకోగలరు అని. పత్రికవాళ్ళు తప్పు ఒప్పుకునే చోటు అదొక్కటే కాబట్టి నాకు దానిమీద మహా గౌరవం. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. అననీండి. ఆ జబ్బే బుధవారం మధ్యాహ్నం నాచేత ఒక మనిషిని కనిపెట్టించింది. కనిపెట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు కుమిలిపోతున్నాను. సరే, వరసగా చెప్తాను.

ఆ రోజు పదకొండింటికి ఒక అమ్మాయి నా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. ముప్పై లోపే ఉంటాయి. చిన్నపిల్లల బడిలో టీచరట. కుర్చీ అంచున కూర్చుని, ఫోనుని రెండు చేతులతో ఒడిలో పట్టుకుంది.

"మా అక్క సోమవారం నుంచి కనిపించట్లేదండీ."

అక్క నేను రోజూ చదివే పత్రికలోనే విలేకరి. ఆమె రాతలు నాకు బాగా తెలుసు. పత్రికాఫీసులో ఆమెకి 'ముల్లు' అని పేరు. దిగితే ఓ పట్టాన రాదని. ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడి వినే సాఫ్ట్‌వేరు అమ్ముకునే కంపెనీ ఒకటుంది, మూడు నెలలుగా దాన్ని తవ్వుతోంది. ఎవరెవరి ఫోన్లు వింటున్నారో ఆ జాబితా మొత్తం ఆమె చేతికి చిక్కింది.

"బెదిరించారా?" అన్నాను.

"మొదట తిట్లండీ. తర్వాత అక్క మొహం ఎవరిదో ఒంటికి అతికించి ఫోటోలు తిప్పారు. ఆ తర్వాత మా ఇంటి అడ్రసు పెట్టి, 'ఒకసారి పలకరించి రండి' అని రాశారు. గంటకి ముప్పై ఫోన్లు. ఎత్తితే ఊపిరి చప్పుడు, అంతే." ఫోనుని ఇంకా దగ్గరికి లాక్కుని, మళ్ళీ అంది. "పోయిన శుక్రవారం మా పెరట్లో ఆరేసిన బట్టల ఫోటో అక్కకి వచ్చింది. నీళ్ళు కారుతున్నాయండీ ఫోటోలో. అప్పుడే ఆరేసి లోపలికొచ్చాను నేను."

ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినవాణ్ణి, కత్తులు చూశాను, శవాలు చూశాను. తడి బట్టల ఫోటోకి భయపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ లేరండీ. అమ్మా నాన్నా పోయారు. అక్కా నేనూ, మేమిద్దరమే."

"ఆఖరున ఎప్పుడు మాట్లాడింది?"

"సోమవారం పొద్దున." తల దించుకుని చెప్పింది. బెంగ అనుకున్నాను.

"పోలీసులుండగా నా దగ్గరికెందుకు వచ్చావమ్మా?"

"అక్కే చెప్పిందండీ మీ గురించి. మనుషుల్ని వెతికి పట్టుకోవడంలో మీ అంతటివాళ్ళు లేరని."

ఇంకేముంది, ఉబ్బితబ్బిబ్బయ్యాను. అంత పెద్ద విలేకరి నా గురించి ఆ మాట అందంటే ఎవడు మాత్రం ఉబ్బడు? చెప్పుల్లో కాళ్ళు పెట్టి బయల్దేరాను.

పన్నెండున్నరకి పత్రికాఫీసులో ఉన్నాం. కాపలాదారు రాతపుస్తకం ముందేసుకున్నాడు. సోమవారం ముల్లు లోపలికొచ్చింది 10.05కి. వెళ్ళింది 4.50కి, వెనక మెట్ల మీంచి.

"ఎప్పుడూ వెనక మెట్లేనా?"

"లేదు సార్. ఎప్పుడూ ముందునుంచే, చెవిలో ఫోను పెట్టుకుని గలగలా మాట్లాడుకుంటూ పోతుంది. ఆ రోజు ఒట్టి చేతులు. సంచీ లేదు, ఫోనూ లేదు. నాకే విడ్డూరమనిపించింది."

ఆ ముక్క రాసుకున్నాను. రాసుకున్నానే గానీ బుర్రకెక్కించుకోలేదు.

పై అంతస్తులో ఆమె బల్ల. కంప్యూటరు కెమెరా మీద దెబ్బలకేసే ప్లాస్టరు ముక్క అతికించి ఉంది. తెరకి ఓ పక్కన గుండ్రటి చిన్న అద్దం. కుర్చీలో కూర్చుని చూశాను. వెనక తలుపు కనపడుతోంది. నలభైమంది పనిచేసే గదిలో, సొంత ఆఫీసులో, వెనకనుంచి ఎవరొస్తున్నారో చూసుకుంటూ వార్తలు రాసుకుందన్నమాట ఆ తల్లి. సొరుగులో ఒక కాగితం, దానిమీద రోజువారీగా నిలువు గీతలు. బెదిరింపు ఫోన్ల లెక్క. శనివారం గీతలు కాగితం అంచు దాటి వెనక్కి పోయాయి. సోమవారం గీతలు మధ్యలోనే ఆగాయి, పక్కన 4.30 అని రాసి ఉంది. ఆ కాగితం కింద ఫోను ఛార్జరు ఉంది, చక్కగా చుట్టి.

"అక్క ఎక్కడికెళ్ళినా ఇది తీసుకెళ్తుందండీ," అంది చెల్లెలు, దాన్ని ముట్టుకుంటూ.

ఆమె బల్లకి ఎదురుగానే అద్దాల గది. అందులో ఉండేవాడి పేరు 'ఆఖరి పేజీ'. ముప్పై ఏళ్ళుగా ఆయన దిద్దేది ఆ పేజీయే. ముల్లుకి పని నేర్పింది ఈయనే. బక్కపల్చటి మనిషి, మొహంలో సగం కప్పేసే నల్ల కళ్ళజోడు. ఆ జోడు చూడగానే అర్థమైంది, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయిందని.

గుమ్మం బయట వెదురుబుట్ట. దాన్నిండా ఫోన్లు.

"ఫోన్లు బుట్టలో వెయ్యండి. ముల్లు పెట్టిన నియమం. ఈ గదిలోకి ఫోను రాదు," అన్నాడాయన.

నా మీటల ఫోను తీసి బుట్టలో పడేశాను. "ఇది డబ్బా ఫోను సార్. నా మాటలు వినాలంటే ఎవడైనా వచ్చి నా పక్కన నిలబడాల్సిందే," అన్నాను గొప్పగా.

చెల్లెలు మాత్రం ఫోను వదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. "అక్క చేస్తుందేమోనండీ. రెండు రోజుల్నుంచి పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాను."

ఆయన నుదురు ముడిచాడు. నేనే అడ్డం పడ్డాను. "పోనీండి సార్. అక్కకోసం అల్లాడిపోతోంది. నాది పూచీ."

నాది పూచీ అన్నాను. ఆ మాట గుర్తుంచుకోండి. తలుపు వేసుకుని కూర్చున్నాం.

"సోమవారం నాలుగున్నర నుంచి నాలుగూ యాభై దాకా ముల్లు ఎక్కడుంది?"

"నాకేం తెలుసు? పేజీ పనిలో ఉన్నాను."

"మీ పేజీ పని మొదలయ్యేది ఆరింటికి. బయట గోడమీద రాసి ఉంది."

"ముందే వచ్చాను."

"ఆమె కనపడకపోయి మూడో రోజు. మీకేం దిగులున్నట్టు లేదే?"

"దిగులు మొహానికి పూసుకు తిరగాలా?"

గట్టి మనిషే. మాట తెగ్గొట్టి చేతులు కట్టుకున్నాడు. నేనేం తక్కువ తిన్నానా? నా సంచీలోంచి ఆ రోజు పత్రిక తీసి, ఆఖరి పేజీ ఆయన ముందు పరిచి, మూలగడి మీద వేలు పెట్టాను. పొద్దున కాఫీ తాగుతూ చదివినప్పుడే నా పంటికింద రాయిలా తగిలింది ఆ సవరణ.

"నిన్నటి సంచిక ఈ పేజీలో వచ్చిన కంటి ఆస్పత్రి ఉచిత శిబిరం వార్తలో 'పాత భవనం, 4వ గది, సాయంత్రం 5 గంటలకు' అని పొరపాటున పడింది. 'కొత్త భవనం, 12వ గది, సాయంత్రం 4 గంటలకు' అని చదువుకోగలరు."

"అయితే?" అన్నాడు.

నిన్నటి పత్రిక తీసి పక్కన పరిచాను. "ఇందులో కంటి ఆస్పత్రి వార్త చూపించండి."

ఆయన చూడలేదు. చూడక్కర్లేదు మరి, ఆయన చేత్తో దిద్దిన పేజీ అది. కంటి ఆస్పత్రి లేదు, శిబిరం లేదు, అసలు కన్నన్న మాటే లేదు ఆ పేజీలో.

"లేని వార్తలో తప్పెలా పడింది సార్? మీ పేజీలో ముప్పై ఏళ్ళలో కామా కూడా తప్పు పడలేదని బయట కాపలాదారు కూడా చెప్తున్నాడు. మరి లేని తప్పుకి సవరణ వేశారంటే అది పాఠకులకి కాదు, ఎవరో ఒక్కరికి." నాకు హుషారు పుట్టుకొచ్చింది. గొంతు పెరిగింది. పెరక్కుండా ఉంటే ఏం పోయేది? "మీ కన్ను కోసింది ఆ ఆస్పత్రిలోనే కదూ? డాక్టరు మీకు బాగా కావలసినవాడై ఉంటాడు. కళ్ళకి కట్టు కట్టుకుని పడుకున్న మనిషిని ఎవరు గుర్తుపడతారు? ముల్లు ఎక్కడికీ పోలేదు. కంటి ఆస్పత్రి కొత్త భవనంలో, పన్నెండో గదిలో ఉంది. నాలుగింటికి ఆమెకోసం ఎవరో వస్తున్నారు. అవునా, కాదా?"

చెల్లెలు "అక్కా!" అని ఒక్క కేక పెట్టి ఏడ్చేసింది. ఆనందంతోనే.

ఆఖరి పేజీ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "మెల్లగా, మెల్లగా!" అన్నాడు రెండు చేతులూ ఎత్తి. గోడమీద గడియారం ఒకటీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. వచ్చేది ముల్లు లాయరమ్మ. ఆమె ఫోను కూడా ఆ జాబితాలో ఉంది. ఇంటి ముందు రోజూ ఒక కారు ఆగుతోంది. ఫోను చెయ్యలేరు, మెయిలు పంపలేరు, మనిషిని పంపలేరు. పత్రిక ఒక్కటే పొద్దున్నే ఆమె గుమ్మంలో పడుతుంది, ఎవడూ వింతగా చూడడు. కబురు సవరణల గడిలో వస్తుందని ముల్లు ఆమెకి ముందే చెప్పి ఉంచింది. నాలుగింటికి లాయరు వచ్చి ముల్లుని నేరుగా జడ్జి ముందుకి తీసుకెళ్తుంది. జాబితా ముల్లు ఒంటిమీదే ఉంది. అది జడ్జి చేతిలో పడేదాకా ఆమె ప్రాణానికి పూచీ లేదు.

"ఒక్క సంగతి చెప్పండి," అన్నాను. "ముందు రోజు ఆ వార్త నిజంగానే వేసి, అందులో తప్పు పెట్టి ఉంటే నా తాత కూడా కనిపెట్టలేకపోయేవాడు. అంత తెలివైనవాళ్ళు, ఆ పని ఎందుకు చెయ్యలేదు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎర్రటి కన్ను. "రాశానండీ. నాలుగో గది అని పెట్టి, పేజీలోకి ఎక్కించి కూడా... చెయ్యి రాలేదు. జనం నమ్మి పాత భవనానికి పోతారేమో, పాపం ముసలివాళ్ళు మెట్లెక్కి దిగుతారేమో అనిపించింది. తెలిసి తెలిసి తప్పు వెయ్యలేకపోయాను. తీసేశాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఈలోగా తలుపు తెరుచుకుంది.

వచ్చినవాడు సైబర్ విభాగం ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. ఒంటిమీద మడత నలగనివ్వడని నేనే వాడికి 'ఇస్త్రీ' అని పేరు పెట్టాను. ఆ కోపం వాడికింకా ఉంది. రెండు ఫోన్లూ బుట్టలో వేసి, నా వంక చూసి పళ్ళు బిగించాడు.

"గురువుగారూ, మీరొచ్చారని కింద కాపలాదారు కబురు పెట్టాడు. ఇక్కడేం చేస్తున్నారు?"

"మీరు చెయ్యని పని. మూడు రోజులైంది, ఆడపిల్ల కనపడక. ఏం వెలగబెట్టారయ్యా?"

"ఏమీ చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు."

"ఆహా. జీతం కూడా కావాలనే తీసుకుంటున్నారా?"

"మీరెన్నైనా అనండి." వాడు గొంతు తగ్గించాడు. "ఆ జాబితాలో మా ఆఫీసు ఫోన్లు కూడా ఉన్నాయి. నేను వెతికితే దొరుకుతుంది. నాకు దొరికిన మరుక్షణం వాళ్ళకీ దొరుకుతుంది. అందుకే వెతకట్లేదు. మీరూ వదిలేసి ఇంటికెళ్ళండి."

"చేతకానివాళ్ళు చెప్పే కబుర్లివి. నువ్వు మూడు రోజుల్లో చెయ్యలేనిది నేను గంటలో చేశాను." బల్ల గుద్ది మరీ చెప్పాను. మంట అలాంటిది.

ఇస్త్రీ నవ్వుతాడనో ఉడుక్కుంటాడనో అనుకున్నాను. వాడు గోడకి చేరగిలపడ్డాడు.

"కనిపెట్టేశారా? నాకు చెప్పకండి. నాకు తెలియకూడదు. ఎవరికి చెప్పారు?"

"ఎవరికి చెప్తాను? ఈ గదిలో ఉన్నవాళ్ళకే."

వాడు గదంతా ఒకసారి చూశాడు. నన్ను, ఆఖరి పేజీని, చెల్లెల్ని. చెల్లెలి చేతుల దగ్గర వాడి చూపు ఆగిపోయింది. నోటిమీద వేలు పెట్టుకుని, బల్లమీది కాగితం లాక్కుని, గబగబా రాసి నా ముందుకి తోశాడు.

'ఆ ఫోను మొదట్నుంచీ లోపలే ఉందా?'

అవునని తలూపాను.

ఇస్త్రీ ఆమె చేతిలోంచి ఫోను మెల్లగా తీసి నా అరచేతిలో పెట్టాడు. పొయ్యిమీంచి దించిన గిన్నెలా వేడిగా ఉంది. తెరమీద బ్యాటరీ తొమ్మిది శాతానికి పడిపోయి ఉంది. పొద్దున్నే నిండా ఛార్జింగు పెట్టానని, ఒక్క ఫోను కూడా చెయ్యలేదని చెల్లెలు సైగలతో చెప్తోంది. నా ఆఫీసులో, కాపలాదారు దగ్గర, ఈ గదిలో, నేను నోరు తెరిచిన ప్రతిచోటా ఆ ఫోను ఆమె చేతిలోనే ఉంది. నా పక్కన నిలబడి వినాల్సిందేనని గొప్పలు పోయానే, వాళ్ళు నిలబడే ఉన్నారు.

ఆఖరి పేజీ బల్లకింద నుంచి బిగువు మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి తీశాడు. దాంట్లో అప్పటికే ఒక ఫోను ఉంది. దాని పక్కనే చెల్లెలి ఫోను ఆపి పడేసి, మూత బిగించి, డబ్బాని బయట వరండాలో పెట్టి వచ్చాడు. అప్పుడు గానీ ఎవరమూ మాట్లాడలేదు.

"ఆ రెండో ఫోను ఎవరిది?" అన్నాను.

"ముల్లుదే. సోమవారం నాలుగున్నరకి ఆపేసి నా చేతికిచ్చింది. అప్పట్నించీ దాని మూత తియ్యలేదు."

ఒట్టి చేతులు. వదిలేసిన ఛార్జరు. అన్నీ నా పుస్తకంలో రాసే ఉన్నాయి, నా ఖర్మ. కానీ ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చెల్లెలివైపు తిరిగాను.

"అమ్మా, అక్క నా గురించి చెప్పిందన్నావు. ఎప్పుడు చెప్పింది?"

"మెసేజ్ పెట్టిందండీ. అక్క నంబరు నుంచే. నన్నెవరో తరుముతున్నారు, ఆ డిటెక్టివ్ దగ్గరికి వెళ్ళు, ఆయన ఒక్కడే నన్ను కనిపెట్టగలడు అని. ఈ మెసేజ్ సంగతి ఆయనక్కూడా చెప్పకు, చదివి చెరిపెయ్యి అంది. అందుకే మీకు అబద్ధం..."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. పన్నెండుంపావుకి."

నిన్న మంగళవారం. సోమవారం నుంచి ఆ ఫోను స్టీలు డబ్బాలో ఉంది.

ముల్లు నా పేరు ఎప్పుడూ తలవలేదు. నన్ను మునగచెట్టు ఎక్కించినవాళ్ళు వేరే. వాళ్ళకి సాఫ్ట్‌వేరు ఉంది, కార్లున్నాయి, డబ్బుంది. ఫోను లేని మనిషిని పట్టుకునే విద్య ఒక్కటే లేదు. కాగితం చదివి కనిపెట్టే పాతకాలపు కుక్క ఒకటి కావాల్సివచ్చింది. తోకూపుకుంటూ వెళ్ళి, వాసన పట్టి, గది నంబరుతో సహా మొరిగాను.

"ఆస్పత్రి ఎంత దూరం?" అన్నాడు ఇస్త్రీ.

"పది నిమిషాలు," అన్నాడు ఆఖరి పేజీ.

గడియారం ఒకటీ నలభై ఆరు. నేను ఆ మాటలు అరిచి పద్దెనిమిది నిమిషాలైంది. ఇస్త్రీ అప్పటికే తలుపు తోసుకుని మెట్లమీద ఉన్నాడు. వాడి చొక్కా నలగడం మొదటిసారి చూశాను. నేను బల్లమీది తీగఫోను అందుకున్నాను. ఆఖరి పేజీ నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగింది. ఒక్కో మోతకీ నా ప్రాణం పోయి వస్తోంది.

"కంటి ఆస్పత్రి, చెప్పండి," అంది ఒకమ్మాయి తీరిగ్గా.

"కొత్త భవనం పన్నెండో గదికి కలపండి. తొందరగా తల్లీ, ఆ గదిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వద్దు!"

"పన్నెండా? అక్కడ ఎత్తట్లేదండీ. ఇప్పుడే ఇంకొకాయన కూడా అదే గది అడిగారు."

"ఎవరు? ఎవరాయన?"

"కంగారు పడకండి సార్, వాళ్ళ మనిషే. ఆవిడ సొంత తమ్ముడట. పళ్ళు కూడా తెచ్చారు. పైకి పంపించాను."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది, అక్క మాట్లాడుతోందేమోనని.